98 మోడల్ మారుతి 800లో ఆల్టో ఇంజన్, 5 గేర్ల బాక్సు ఇంట్లోనే ఎక్కించుకోవచ్చా?

తొలికారు800:

బండి 1998 మారుతి 800. కార్బొరేటర్, 4 గేర్లు, ఏసీ లేదు. ఇంట్లో కొన్న మొదటి కారు కాబట్టి అమ్మడమూ లేదు, స్క్రాపుకి వెయ్యడమూ లేదు. ఫ్లోరు, సైడు మెంబర్లు, స్ట్రట్ టవర్లు గట్టిగా ఉన్నాయి. పోయింది ఇంజను, గేర్‌బాక్సే.

కంప్రెషన్ వేడి ఇంజన్ మీద, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి చూసింది: 1వ సిలిండరు 165, 2వది 110, 3వది 160 పీఎస్ఐ. రెండోదాంట్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూస్తే 150కి లేచింది. మూడో గేరు పడేటప్పుడు గరగరమంటోంది. నాలుగులో యాక్సిలరేటర్ వదిలితే లివర్ దానంతటదే న్యూట్రల్‌కి జారిపోతోంది.

ఆలోచన ఏంటంటే ఆల్టో 796 సీసీ 12 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు కొట్టే) ఇంజన్ (ఎఫ్8డి), దాని 5 గేర్ల బాక్సు. రేకుల షెడ్డు, చెయిన్ బ్లాకు, టార్క్ రెంచి ఉన్నాయి. వెల్డింగు లేకుండా కూర్చుంటుందా? విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొనేటప్పుడు దాంతోపాటు ఏమేం తెచ్చుకోవాలి? ఆర్సీ సంగతేంటి?

మూడుసిలిండర్లు:

ఆయిల్ పోయగానే 40 పీఎస్ఐ లేచిందంటే వాల్వులు కావు, రింగులూ బోరూ అరిగినట్టు. లెక్క సరిగ్గానే కట్టారు.

ఇంజన్ కూర్చుంటుంది. మారుతి వాళ్ళే 2000 ప్రాంతంలో కొంతకాలం ఇదే బాడీలో 12 వాల్వుల ఇంజన్, 5 గేర్లు పెట్టి 800 ఈఎక్స్ అని అమ్మారు. మీ పాత ఇంజన్ ఎఫ్8బికీ ఈ ఎఫ్8డికీ బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 68.5, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72 మి.మీ., రెండూ ఒకటే. అసలు తేడా హెడ్డులో ఉంది: సిలిండరుకి 2 వాల్వుల బదులు 4. 37 హార్స్‌పవర్ కాస్తా 45 దాకా వస్తుంది. అయితే ఇంజన్ ఆల్టోది, బాడీ 800ది. ఆల్టో మౌంటింగ్ బ్రాకెట్లు మీ బాడీ రంధ్రాలకి అచ్చంగా పడతాయనుకోవద్దు. మీ పాత బ్రాకెట్లు, బోల్టులు ఒక్కటీ పారెయ్యకండి. దించిన బ్రాకెట్ పక్కన కొత్తది పెట్టి రంధ్రాల దూరం కొలిచి, ఇంజన్ వైపు ఏది, బాడీ వైపు ఏది అని తేల్చుకున్నాకే పైకి ఎత్తాలి.

కొనేటప్పుడు విడి ఇంజన్ కొనకండి. ఒకే బండిలోంచి దిగిన మొత్తం సెట్టు కావాలి: ఇంజన్, గేర్‌బాక్సు, ఫ్లైవీలు, క్లచ్ ఫోర్కు, స్టార్టరు, ఆల్టర్నేటరు, మౌంటింగులు, యాక్సిళ్ళు రెండూ, గేరు రాడ్లు రెండూ, ఆక్సిజన్ సెన్సర్‌తో సహా ఎగ్జాస్టు ముందు ముక్క, ఎయిర్ క్లీనర్, క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు. వైరింగు సామాను వేరే. ఇందులో ఏ ఒక్కటి మర్చిపోయినా మళ్ళీ ఆటోనగర్ బస్సెక్కాల్సిందే, ఈలోపు అవతల బండి బాడీ నలిగిపోయి ఉంటుంది.

కొట్టులోనే చూడాల్సినవి. క్రాంకు పుల్లీ బోల్టుకి పానా పెట్టి రెండు చుట్లు చేత్తో తిప్పాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు. ఆయిల్ మూత లోపల మీగడలాంటిది ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. బ్యాటరీ తగిలించి కంప్రెషన్ చూపించమనండి. మూడింటి మధ్య తేడా 14 పీఎస్ఐ దాటితే వదిలెయ్యండి. గేర్‌బాక్సు ఆయిల్ కొంచెం వేలికి రాసుకుని ఎండలో పట్టండి. సన్నటి ఇత్తడి మెరుపు కనిపిస్తే సింక్రో రింగులు (గేరు పడేముందు పళ్ళ వేగం కలిపేవి) అరుగుతున్నట్టు. ఇనప పొట్టు కనిపిస్తే ఆ బాక్సు అక్కడే పెట్టేసి రండి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, క్రాంకు రెండు సీళ్ళు, క్యామ్ సీలు, గేర్‌బాక్సు యాక్సిల్ సీళ్ళు రెండూ, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యనుండే పైలట్ బేరింగు మార్చేయండి. వెనక క్రాంకు సీలుకి పెట్టే ఖర్చు తక్కువే. అది కారితే కొత్త క్లచ్ ప్లేటు నూనెలో నాని, గేర్‌బాక్సు మళ్ళీ దించాల్సి వస్తుంది. అంతా కలిపి రెండు రోజుల పని.

ఎక్కువ మంది పాడుచేసేది గేర్‌బాక్సు జత చేసేటప్పుడే, అందుకే ఇది వివరంగా. ముందు ఇంజన్ బ్లాకుకీ బెల్ హౌసింగుకీ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్సు ముందు గిన్నెకీ) మధ్య రెండు డోవెల్ పిన్నులు (రెండిటినీ సరిగ్గా ఎదురెదురు నిలిపే చిన్న మేకులు) ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. పాత ఇంజన్లకి అవి తరచుగా పోయి ఉంటాయి. పిన్ను లేకుండా బోల్టులు బిగిస్తే బాక్సు వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. అప్పటికి ఏమీ తెలియదు, కొన్నాళ్ళకి క్లచ్ అదరడం, ఇన్‌పుట్ బేరింగు మూలగడం మొదలవుతాయి. తర్వాత, అదే మరతో ఉన్న పొడుగు బోల్టులు రెండు తీసుకుని తలలు హ్యాక్సాతో కోసేసి, కోసిన చోట స్క్రూడ్రైవరు పట్టేలా గీత పెట్టండి. వాటిని ఎదురెదురు మూలల్లో బ్లాకులోకి బిగించి, బాక్సుని వాటిమీదుగా జరిపితే దాని బరువు క్లచ్ ప్లేటు మీద పడదు. ప్లేటుని ముందే అలైన్‌మెంట్ రాడ్‌తో, అది లేకపోతే పాత ఇన్‌పుట్ షాఫ్టుతో నడిమధ్యకి తెచ్చి ఉంచాలి. చివరి అంగుళం ఖాళీ బోల్టులు బిగించి లాగకూడదు. చేత్తో దగ్గరికి రావాలి. రావట్లేదంటే స్ప్లైన్లు (షాఫ్టు మీద, ప్లేటు మధ్యలో ఉండే పళ్ళ గాడులు) కలవలేదని. క్రాంకు పుల్లీని ఎవరైనా కొద్దిగా తిప్పుతుంటే తనే లోపలికి వెళ్తుంది. బోల్టుతో లాగితే ప్లేటు హబ్బు వంగుతుంది, క్లచ్ ఎప్పటికీ పూర్తిగా వదలదు.

యాక్సిల్ లోపలి చివర సర్‌క్లిప్పు కొత్తది వెయ్యండి. టక్కుమని పడ్డాక బయటికి ఒకసారి లాగి చూడాలి, రాకూడదు. స్ప్లైను అంచు సీలు పెదవిని కొయ్యకుండా గ్రీజు రాయండి. గేరాయిల్ జీఎల్-4 రకమే పొయ్యండి. జీఎల్-5లోని గంధకపు మందు ఇత్తడి సింక్రోలని తింటుంది. లెవెల్ ప్లగ్గులోంచి ఆయిల్ కారే దాకా పోస్తే చాలు, కారు మాత్రం సమంగా నిలబడి ఉండాలి. హబ్ నట్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడు. ఆ బిగింపు పడేవరకు బండిని ఒక్క అడుగు కూడా తొయ్యకండి, చక్రం బేరింగు పోతుంది.

వైరింగుపురుగు:

పైన చెప్పినదంతా రెండు ఆదివారాల పని. బండి నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయేది పెట్రోలు దగ్గర, కరెంటు దగ్గర.

మీ కార్బొరేటర్ బండికి ఇంజన్ తిప్పే మెకానికల్ పంపు. దాని ఒత్తిడి 0.3 బార్ కూడా ఉండదు. ఇంజెక్టర్లకి 2.5 నుంచి 3 బార్ కావాలి, పంపు ట్యాంకు లోపల ఉంటుంది. పాత ట్యాంకుకి బయట పంపు తగిలించి సరిపెట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. మలుపుల్లో పంపు గాలి పీలుస్తుంది, వేడెక్కి చస్తుంది. తేలిక దారి: ఎంపీఎఫ్ఐ 800 ట్యాంకు పంపుతో సహా తెచ్చుకుని మీ ట్యాంకు స్థానంలో పెట్టండి. రెండూ 800 బాడీవే. లైన్లన్నీ కొత్తవి వెయ్యాలి. పాత రబ్బరు గొట్టం, మామూలు స్క్రూ క్లిప్పు ఈ ఒత్తిడికి ఆగవు, వేడి ఎగ్జాస్టు పక్కన పెట్రోలు చిమ్ముతుంది. ఇంజెక్షన్ రకం గొట్టం, అంచులు లోపలికి కొరకని చుట్టు క్లిప్పులు అడిగి తీసుకోండి. మిగతా పనిలో ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చెయ్యకండి.

వైరింగు కోసి తెచ్చుకోకండి. ఈసీఎం (ఇంజన్ని నడిపే కంప్యూటరు పెట్టె), ఇంజన్ హార్నెస్ (తీగల కట్ట), ఫ్యూజు పెట్టె, మెయిన్ రిలే, పంపు రిలే కలిపి విప్పించండి. కొట్టువాడు కత్తెర తీస్తే ఆపండి. కోసిన హార్నెస్ సగం ధరకే ఇస్తాడు, అతుకులు వెతుక్కోడానికి మీకు నెల పడుతుంది. ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి కాకపోతే ఇంజన్ అందుకోకుండా ఆపేది) ఉన్న బండి అయితే తాళంచెవి, తాళం చుట్టూ ఉండే రింగు, దాని పెట్టె, ఈసీఎం నాలుగూ ఒకే బండివి కావాలి. వీటిలో ఒకటి వేరేదైతే స్టార్టరు తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు.

ఈ మార్పిడిలో మళ్ళీ మళ్ళీ కనిపించే తప్పులు:

ఎర్తు తీగ మర్చిపోవడం. ఇంజన్ నుంచి బాడీకి, గేర్‌బాక్సు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి లావు తీగలు తప్పనిసరి, రంగు గీకిన చోట బిగించాలి. లేకపోతే స్టార్టరు కరెంటు క్లచ్ కేబులు లోంచి, యాక్సిలరేటర్ కేబులు లోంచి దారి వెతుక్కుంటుంది. సెల్ఫు కొట్టాక క్లచ్ కేబులు తొడుగు పట్టుకుని చూడండి. వేడిగా తగిలితే ఇదే.

ఫ్యాను. మీ పాత బండిలో రేడియేటర్ ఫ్యానుని వేడికి కలిసే స్విచ్చే నడుపుతుంది. కొత్తదాంట్లో కూలెంట్ సెన్సర్ చూసి ఈసీఎం రిలే వేస్తుంది. పాత తీగ తీసేసి కొత్తది కలపడం మర్చిపోతే మొదటి ట్రాఫిక్‌లోనే సూది పైకి లేస్తుంది.

వేగం సిగ్నలు. ఈసీఎం దాన్ని ఎదురుచూసే రకమైతే, లేనప్పుడు చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగే క్షణంలో ఇంజన్ ఆరిపోవచ్చు. స్పీడోమీటర్ కేబులుతో నడిచే పాత మీటరు ఉంచుకుంటే ఈ సిగ్నలు ఎక్కణ్ణుంచి తేవాలో ముందే ఆలోచించుకోండి.

ఎగ్జాస్టు లీకు. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి వచ్చి, పెట్రోలు తక్కువైందని ఈసీఎం పొరబడి ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోయి ప్లగ్గులు నల్లగా వస్తే ఇంజెక్టర్లు విప్పకముందు గ్యాస్కెట్లు చూడండి.

మొదటి స్టార్టు పంపు రిలే తీసేసి. పది సెకన్ల చొప్పున సెల్ఫు కొడుతూ ఆయిల్ దీపం ఆరేదాకా తిప్పాలి, ఆరాకే రిలే పెట్టాలి.

పాతప్రాణం:

అందరూ ఎక్కించమంటున్నారు కాబట్టి ఒక అడ్డుమాట. ఈ బండి పాత ఎఫ్8బి ఇంజన్‌కే బోరు చేయించి (అరిగిన సిలిండర్లని కొంచెం పెద్దవిగా తొలిపించి), గేర్‌బాక్సు మాత్రమే మారిస్తే ట్యాంకు, హార్నెస్, ఈసీఎం గొడవ ఏదీ ఉండదు. పిస్టన్లు 0.25, 0.50 మి.మీ. ఓవర్‌సైజులో వస్తాయి. ముందు పిస్టన్లు కొని, వాటిని లేత్‌వాడి చేతికిచ్చి వాటి కొలతకే బోరు వెయ్యమనాలి. బోరు వేసేసి పిస్టన్ వెతకడం తలకిందుల పని. హోనింగు (బోరు లోపలి చివరి రాపిడి) అడ్డదిడ్డంగా గీతలు పడేలా ఉండాలి, అద్దంలా నున్నగా ఉంటే రింగులు కూర్చోవు, ఆయిల్ తాగుతుంది. రింగుని ఒంటరిగా బోరులోకి పెట్టి పిస్టన్ తలతో సమంగా తోసి, చివరల మధ్య ఫీలర్ గేజి పెట్టండి. 0.20, 0.30 మి.మీ. మధ్య వస్తే బాగుంది. ఆ పనితో పాటే హెడ్డు విప్పి వాల్వులు గ్రైండింగు చేయించండి.

మీ గేరు జారడం మాత్రం ఒక్కోసారి బాక్సు తప్పు కాదు. గేరు రాడ్డు చివర ప్లాస్టిక్ బుష్షులు పోయినా, ఇంజన్ మౌంటింగు రబ్బరు చిరిగి ఇంజన్ ఊగినా నాలుగో గేరు ఊడిపడుతుంది. బండి నిలబెట్టి లివర్ పట్టుకుని ఊపి చూడండి, అది కడుపులో దూడలా అటూ ఇటూ పొర్లుతుంటే ముందు బుష్షులు మార్చండి. గరగర మాత్రం సింక్రోదే.

ఆర్సీబుక్కు:

మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే 998 సీసీ కె10 ఇంజనో, పాత జెన్ 993 సీసీ నాలుగు సిలిండర్లో వేద్దామనే మాట మర్చిపోండి, సీసీయే మారిపోతుంది. ఎఫ్8డి 796 సీసీయే కాబట్టి వాదించుకోడానికి కొంత చోటుంది, కానీ ఇంజన్ నంబరు వేరు, ఇంజన్ రకం వేరు. కాబట్టి చెయిన్ బ్లాకు తగిలించక ముందే ఆర్టీవో ఆఫీసుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, వాళ్ళు ఏమంటారో కాగితం మీద తీసుకోండి. ఒప్పుకోకపోతే పాతప్రాణం గారి దారే మీకు దారి, ఎందుకంటే అందులో బ్లాకు, దాని నంబరు మారవు.

15 ఏళ్ళు దాటిన బండికి రెన్యువల్ ఐదేళ్ళకోసారి. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పెన్సిల్ ప్రింటు తీయిస్తాడు. నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతారు. యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సువాళ్ళు చూసేదీ ఆ నంబరే.

కొనే ఇంజన్‌కి నంబరు రాసిన బిల్లు, దాత బండి ఆర్సీ రద్దయిన కాగితం నకలు తీసుకోండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వాహన్ సమన్వయ్ సైటులో ఆ నంబరు కొట్టి దొంగబండిది కాదని చూసుకోండి. నంబరు పలక చుట్టూ గ్రైండరు గీతలుంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

తొలికారు800:

బుష్షులు చూశాను, ఒకటి అసలే లేదు. మొదట ఆర్టీవోకి దరఖాస్తు పెడతాను. వాళ్ళు వద్దంటే బోరు పని, 5 గేర్ల బాక్సు. అప్పుడు ఎఫ్8బి మీదే ఆ బాక్సు కూర్చోవాలంటే ఏం చూసుకోవాలి?

మూడుసిలిండర్లు:

ఇంజన్ కిందికి దించాక రెండూ నేల మీదే పెట్టి ఖాళీగా జత చేసి చూడండి. బెల్ హౌసింగు రంధ్రాలన్నీ బ్లాకు రంధ్రాలతో కలవాలి, ఒక్కటి కలవకపోయినా ముందుకెళ్ళొద్దు. ప్లేటు స్ప్లైన్లు 5 గేర్ల ఇన్‌పుట్ షాఫ్టు మీద వదులుగా కాకుండా, బిగుసుకోకుండా జరగాలి. ప్లేటు బయటి వ్యాసం మీ ఫ్లైవీలు ముఖం దాటకూడదు. దాటితే ఫ్లైవీలు కూడా బాక్సుతో వచ్చినదే వెయ్యాలి, అప్పుడు స్టార్టరు పళ్ళు కలుస్తాయో లేదో చూడాలి. యాక్సిల్ లోపలి స్ప్లైన్లు లెక్కపెట్టండి. బాక్సుకి సరిపడి హబ్బుకి పడకపోతే లోపలి జాయింటు వాళ్ళది, బయటి జాయింటు మీది కలిపి కట్టించుకోవచ్చు, కానీ మధ్య రాడ్డు పొడుగు పాతదాని పక్కన పెట్టి కొలవండి. గేరు రాడ్లు మాత్రం 5 గేర్లవే కావాలి. స్పీడోమీటర్ ఎంత తేడా చూపిస్తోందో ఫోన్ జీపీఎస్‌తో 60 దగ్గర సరిచూసి, తేడా ఉంటే బాక్సులోని స్పీడో పళ్ళచక్రం మార్పించుకోండి.