ఉమ్మడి ట్రైళ్లలో మౌంటెన్ బైక్: ఎవరికి దారివ్వాలి, మలుపులో ఎంత వేగం, గుర్రం ఎదురైతే ఏం చేయాలి?

కొత్తచక్రం

అందరికీ నమస్కారం. రోడ్డు మీద సైకిల్ తొక్కడం అలవాటే గానీ మట్టి ట్రైళ్లు కొత్త. 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే బైక్) కొన్నాను. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 2.4 అంగుళాల టైర్లు. ఉండేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్ కాబట్టి కూపర్టినో పక్కనున్న ఫ్రీమాంట్ ఓల్డర్ ప్రిజర్వ్‌తో (రక్షిత కొండ ప్రాంతం) మొదలుపెడదామని ఉంది. అక్కడ నడిచేవాళ్లు, కుక్కల్ని తీసుకొచ్చేవాళ్లు, గుర్రాల మీద వచ్చేవాళ్లు, సైకిళ్లు అన్నీ ఒకే దారిలో. సైకిల్ అందరికీ దారివ్వాలి, నడిచేవాళ్లు గుర్రాలకివ్వాలి, అంతవరకూ తెలుసు.

తెలియనివి ఇవి. దారివ్వడమంటే ప్రతిసారీ ఆగి కాలు కింద పెట్టాలా, నెమ్మదిస్తే చాలా? గంటకు 15 మైళ్ల పరిమితి లోపలే ఉన్నా మలుపుల్లో ప్రమాదమని ఎందుకంటారు? గుర్రం ఎదురైతే సరిగ్గా ఏం చేయాలి? బెల్ ఎలాంటిది కొనాలి? బండిలో ముందే చూసుకోవాల్సినవేమైనా ఉన్నా చెప్పండి.

మట్టిదారి

రెండో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం, ముందు దానికి చెప్తాను.

ఫ్రీమాంట్ ఓల్డర్‌ను చూసుకునేది మిడ్‌పెన్, అంటే మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. వాళ్ల ట్రైళ్లలో గరిష్ఠం గంటకు 15 మైళ్లు, ఎవరినైనా దాటేటప్పుడు 5 మైళ్లు. చాలామంది మొదటి అంకె గుర్తుపెట్టుకుని రెండోది వదిలేస్తారు. ఆ 5 ఎందుకో లెక్క వేసి చూడండి.

15 మైళ్లంటే సెకనుకు 6.7 మీటర్లు. ఎదురుగా మనిషి కనబడి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది. అంటే నొక్కకముందే 6.7 మీటర్లు వెళ్లిపోయారు. గులకరాళ్లున్న దిగుడులో చక్రం జారకుండా ఆపగలిగితే, కొత్తవాళ్లకు ప్రతి సెకనుకూ తగ్గే వేగం సుమారు 2 మీటర్లు అనుకోవచ్చు. ఆ లెక్కన ఇంకో 11 మీటర్లు. మొత్తం 18 మీటర్లు కావాలి. కొండ చెక్కి వేసిన సింగిల్‌ట్రాక్ (ఒక్కరే పట్టే సన్నదారి) మలుపులో చూపు ఆనేది చాలాచోట్ల 10 మీటర్లే.

అవతలి మనిషి కదలకుండా నిలబడి ఉంటే, ఆ 10 మీటర్లలో ఆగడానికి మీ వేగం 10 మైళ్లు దాటకూడదు. అవతల ఇంకో సైకిల్ వస్తోందనుకోండి, ఆ 10 మీటర్లను ఇద్దరూ పంచుకోవాలి. మీకు మిగిలేది 5 మీటర్లు, వేగం ఆరున్నర మైళ్లకు దిగిపోవాలి. అందుకే సూత్రం ఒక్కటే: కనబడే దారిలో సగం దూరంలో ఆగగలిగే వేగం. ఖాళీ ఫైర్ రోడ్డులో (అగ్నిమాపక వాహనాల కోసం వేసిన వెడల్పాటి మట్టి రోడ్డు) ముందంతా కనబడుతుంటే అది 15 కావచ్చు, చమీస్ పొదల మధ్య మలుపులో నడక కంటే కాస్త ఎక్కువ కావచ్చు. బోర్డు మీది అంకె పైహద్దు మాత్రమే. రేంజర్లు రేడార్‌తో కొలుస్తారు కూడా.

ఇక దారివ్వడం. మీ వల్ల ఎదుటివాళ్లు అడుగు మార్చుకోవాల్సిన పని పడకపోతే దారిచ్చినట్టు. వెడల్పాటి ఫైర్ రోడ్డులో నడక వేగానికి తగ్గి, దూరంగా జరిగి, పలకరించి వెళ్తే చాలు. సింగిల్‌ట్రాక్‌లో మాత్రం ఆగండి. లోయ వైపు అంచు మెత్తగా ఉంటుంది, బరువు పడితే విరుగుతుంది, కాబట్టి కాలు ఆన్చేది గట్టి నేల మీద. దారిలోనే అంచుకు ఆగాలి గానీ, గడ్డిలోకి తొక్కుకుంటూ పోకూడదు. అలా పదిమంది చేస్తే రెండడుగుల దారి ఆరడుగులవుతుంది. చాలాసార్లు నడిచేవాళ్లే పక్కకు జరిగి మీకు రమ్మని సైగ చేస్తారు. అప్పుడు నెమ్మదిగా దాటి థాంక్స్ చెప్పండి. అది వాళ్ల మర్యాద, మన హక్కు కాదు.

సైకిల్‌కు సైకిల్ ఎదురైతే దిగేవాళ్లు ఆగాలి. ఎక్కేవాళ్లకు ఒకసారి ఆగితే వాలులో మళ్లీ పెడల్ అందుకోవడం కష్టం.

ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. ఇక్కడ కుడివైపు ఉండాలి, దాటేది ఎడమ నుంచి. తీరిగ్గా వెళ్లేటప్పుడు ఇది అందరికీ గుర్తుంటుంది. మలుపులో ఉలిక్కిపడ్డప్పుడు మాత్రం చిన్నప్పటి అలవాటుతో ఒళ్లు ఎడమకు లాగుతుంది. అవతలివాళ్లు వాళ్ల కుడికి జరుగుతారు. ఇద్దరూ ఒకే అంచుకు చేరి నేరుగా గుద్దుకుంటారు. మలుపుకు ముందే కుడి అంచు పట్టుకుని ఉంటే ఆ క్షణంలో నిర్ణయించాల్సింది ఏమీ ఉండదు.

కళ్లెం

గుర్రాల గురించి నేను చెప్తాను. ఫ్రీమాంట్ ఓల్డర్‌ను ఆనుకునే గుర్రపుశాల ఉంది కాబట్టి అక్కడ ఇది తప్పనిసరిగా తెలియాలి.

గుర్రం వేటకు గురయ్యే జంతువు. దాని చూపు దాదాపు చుట్టూ తిరుగుతుంది, సరిగ్గా తోక వెనకా ముక్కు ముందూ తప్ప. చప్పుడు లేకుండా వెనక నుంచి వేగంగా వచ్చే, వంగి ఉన్న ఆకారం దానికి పులి కిందే లెక్క. కాబట్టి మీరు చేయాల్సిందల్లా మీరు మనిషేనని దానికి తెలియజేయడం.

ఎదురుగా వస్తే, కనబడగానే ఆగి దిగండి. బండిని గుర్రానికి అవతలి వైపు పెట్టుకుని, దారికి దిగువ వాలు వైపు నిలబడండి. వేటాడే జంతువు పైనుంచి దూకుతుందని దాని భయం. పైగా అది బెదిరినా ఎగువకే పోతుంది, స్వారీ చేసేవాళ్లు లోయలోకి పడే ముప్పు తగ్గుతుంది. దిగువన నిలబడే చోటు లేకపోతే స్వారీ చేసేవాళ్లనే అడగండి, "వేర్ షుడ్ ఐ స్టాండ్?" అని. వాళ్లు చెప్పిందే పాటించండి, వాళ్ల గుర్రం సంగతి వాళ్లకు తెలుసు. మామూలు గొంతుతో మాట్లాడుతూనే ఉండండి, తెలుగులోనైనా సరే, గుర్రానికి కావాల్సింది మనిషి గొంతు. నిండు ముఖం కప్పే హెల్మెట్ అయితే ముఖం కనబడేలా చూడండి.

వెనక నుంచి దాటాలంటే 15–20 మీటర్ల దూరంలోనే నెమ్మదించి పలకరించండి. బెల్ మాత్రం కొట్టొద్దు. చక్రం హబ్ (నడిమి భాగం) టకటకలాడే రకమైతే ఆ చప్పుడుకీ కొన్ని బెదురుతాయి, ఆగడమే మేలు. వాళ్లు గుర్రాన్ని తిప్పి నిలిపి, రమ్మన్నాకే కదలండి. వెనక కాళ్లకు కనీసం రెండు బైకుల పొడవు దూరం ఉంచండి. దాటాక వెంటనే జోరుగా తొక్కొద్దు, ఒక్కసారిగా పరిగెత్తేదాన్ని చూస్తే వెంటపడాలనో పారిపోవాలనో దానికి అనిపిస్తుంది.

గుంపుగా వెళ్తే అందరూ ఒకే వైపు నిలబడాలి. ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ ఉంటే గుర్రానికి అది ఉచ్చులా కనిపిస్తుంది.

స్పానర్

బండి సంగతి.

మొట్టమొదట ఇంటి ముందు చదునులో బ్రేకు లివర్లు ఏది దేనిదో చూసుకోండి. మన దగ్గర మోటార్‌సైకిల్‌కు ముందు బ్రేకు కుడిచేతిది. అమెరికాలో అమ్మే సైకిళ్లకు ముందు బ్రేకు ఎడమచేతిది. కంగారులో పాత అలవాటు కొద్దీ కుడిది లాగితే వెనక చక్రం బిగిసి జారుతుందే గానీ బండి ఆగదు. ఎడమది బలంగా లాగితే హ్యాండిల్ మీంచి ఎగిరిపోతారు. చేతికి వచ్చేదాకా ఖాళీ పార్కింగ్ స్థలంలో సాధన చేయండి. రోజూ రెండు రకాల బండ్లూ నడిపేవాళ్లయితే షాపులో గొట్టాలు అటూ ఇటూ మార్పించుకోవచ్చు.

కొత్త డిస్క్ బ్రేకులు మొదటి రోజు సరిగా పట్టవు. ప్యాడ్ పదార్థం రోటర్ (బ్రేకు పళ్లెం) మీద సమంగా అంటుకోవాలి. మోస్తరు వేగం అందుకుని నడక వేగానికి తగ్గించడం ఓ 20 సార్లు, తర్వాత ఇంకాస్త వేగంతో 10 సార్లు. చక్రం బిగియకూడదు, పూర్తిగా ఆగకూడదు. ఇది చేయకుండా కొండ దిగితే ప్యాడ్లు గాజులా నునుపెక్కి కీచుమంటాయి. గొలుసుకు నూనె స్ప్రే చేసేటప్పుడు రోటర్ మీద పడ్డా అదే గతి. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు, నూనె పీల్చిన ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే. అరిగిన ప్యాడ్ లోహపు ప్లేటుతో కలిపి 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చేయండి.

బ్రేకు మలుపుకు ముందు, నిటారుగా ఉన్నప్పుడే వేయాలి. మలుపులో ముందు బ్రేకు లాగితే ముందు చక్రం కింద నుంచి జారిపోతుంది. వెనక చక్రాన్ని ఈడ్చడం గొప్పనుకుంటారు కొందరు. ఆ గాడిలోకే వానాకాలంలో నీరు దిగి దారిని కోసేస్తుంది. మడమలు కిందికి, నడుము వెనక్కి, ఒక్కో లివర్ మీద ఒక్క వేలు.

టైర్ గాలి: 70–75 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్ అయితే ముందు 22–24 పీఎస్‌ఐ, వెనక రెండు మూడు ఎక్కువ. ట్యూబులుంటే 27–30, లేదంటే రాయి తగిలి ట్యూబ్ రెండు చోట్ల నొక్కుకుని చిరుగుతుంది. రోడ్డు సైకిల్ లెక్కన 50 కొడితే బండి ప్రతి రాయి మీదా ఎగురుతుంది, బ్రేకు పట్టదు.

బెల్ ఖరీదైనది అక్కర్లేదు. బ్రేకు మీద వేలు ఉండగానే బొటనవేలికి అందాలి, అంతే. ఆవు మెడ గంటలా గతుకులకు దానంతటదే మోగే రకాలూ ఉన్నాయి, పొదల మలుపులకు అవి చాలా మంచివి. గుర్రం కనబడగానే గంట నాలుకను ఆపేసే మీట ఉన్నదే తీసుకోండి. నడిచేవాళ్ల వెనక 20–30 మీటర్ల దూరంలోనే మోగించండి. పక్కకొచ్చి "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే సగం మంది ఉలిక్కిపడి ఆ ఎడమకే జరుగుతారు.

కొత్తచక్రం

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో మూడు. నలుగురం కలిసి వెళ్తాం, ఒకరిది క్లాస్ 1 ఈ-బైక్ (పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేసే రకం), తీసుకురావచ్చా? వాన పడ్డాక ఎన్నాళ్లు ఆగాలి? పాటలు వినొచ్చా?

మట్టిదారి

ఈ-బైక్‌ను మిడ్‌పెన్ మట్టి ట్రైళ్లలో అనుమతించరు, క్లాస్ 1 అయినా సరే. పక్కనే ఉన్న కౌంటీ పార్కు వేరే సంస్థది, నియమాలు వేరు. ఒకే రైడ్‌లో హద్దు దాటుతారు కాబట్టి ప్రతి గేటు దగ్గరా బోర్డు చదవండి.

వానకు రోజుల లెక్క లేదు, మట్టిని బట్టి ఉంటుంది. మొదటి వంద మీటర్లలో టైర్ వెనక గాడి పడుతున్నా, మట్టి చక్రానికి అంటుకుని ఫోర్క్‌కు తగులుతున్నా వెనక్కి తిరగండి. దారి గట్టిగా ఉండి అక్కడక్కడా గుంటలే ఉంటే వాటి మధ్యలోంచే పోండి, పక్కనుంచి పోతే దారి వెడల్పవుతుంది. మూసిన గేటు ఉంటే ఇక చర్చే లేదు. 1970లలో మారిన్ కౌంటీలో ఈ ఆట మొదలయ్యాక, కాలిఫోర్నియాలో సైకిళ్లకు ఒక్కో ట్రైలే మూతబడుతుంటేనే క్లబ్బులు కలిసి 1988లో ఐఎంబీఏను (అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం) పెట్టుకున్నాయి. ఇప్పుడు మనం తొక్కే దారులు అలా కాపాడుకున్నవి.

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కాలిఫోర్నియా చట్టమే ఒప్పుకోదు. ట్రైల్‌లో ఒక చెవిలో కూడా వద్దనే అంటాను, పొద వెనక కుక్క పట్టీ చప్పుడు వినబడాలి. నలుగురూ దిగుడులో కనీసం నాలుగు సెకన్ల ఎడం పాటించండి. ముందున్నవాళ్లు ఎదురొచ్చేవాళ్లకు "త్రీ మోర్" అని చెప్పాలి, చివరివాళ్లు "లాస్ట్ వన్" అనాలి. లేకపోతే మొదటి బైక్ పోగానే వాళ్లు దారిలోకి వచ్చేస్తారు.

మిడ్‌పెన్ ట్రైళ్లలో హెల్మెట్ అన్ని వయసులవాళ్లకూ తప్పనిసరి. సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ప్రిజర్వ్ మూసేస్తారు, వెనక్కి వచ్చే సమయం అలా చూసుకోండి. ఎవరైనా పడి లేవలేకపోతే ఒకరు మలుపుకు అవతల నిలబడి వచ్చేవాళ్లను ఆపాలి, ఆ తర్వాతే మిగతా పని. 911కు చెప్పడానికి ప్రిజర్వ్ పేరు, ట్రైల్ పేరు, దగ్గర్లోని కూడలి పేరు తెలిసి ఉండాలి, కాబట్టి బయలుదేరే ముందే మ్యాప్ ఫోన్లో దింపుకోండి.

కళ్లెం

దారివ్వడానికి అంచున నిలబడేటప్పుడు పాయిజన్ ఓక్ (తాకితే దురద పెట్టే మొక్క) చూసుకోండి, మూడేసి ఆకుల గుత్తి. చలికాలంలో ఆకు రాలినా ఒట్టి కొమ్మకూ దురద నూనె ఉంటుంది. ఆ నూనె గ్లోవ్స్‌కూ హ్యాండిల్ పట్లకూ అంటుకుని రోజుల తరబడి నిలుస్తుంది, ఇంటికొచ్చాక వాటినీ సబ్బుతో కడగాలి. చేతులూ కాళ్లూ చల్లటి నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో, గట్టిగా రుద్ది.