ప్రొఫెసర్‌కు మెయిల్ రాయాలంటేనే టెన్షన్, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త తమ్ముడు, రిచర్డ్‌సన్:

అందరికీ నమస్కారం. ఆగస్టులోనే అమెరికా వచ్చి డాలస్ దగ్గర రిచర్డ్‌సన్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. మాది నరసరావుపేట. కోడింగ్ బాగానే వచ్చు. కానీ ఇక్కడ అన్నీ రాతపూర్వకంగానే జరుగుతున్నాయి. ప్రొఫెసర్‌కు నాలుగు ముక్కలు రాయాలంటే గంట పడుతోంది, చివరికి పంపకుండా వదిలేస్తున్నాను. మొదటి హోంవర్క్‌లో ఒక ప్రశ్న అసలు అర్థం కాలేదు. రూమ్మేట్లేమో "సీనియర్ల డ్రైవ్ ఫోల్డర్‌లో పాత జవాబులన్నీ ఉన్నాయి, చూసుకో" అంటున్నారు. ఏం చేయమంటారు?

టీఏ అక్క:

తమ్ముడూ, నేను పీహెచ్‌డీ చేస్తూ టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా, హోంవర్కులు దిద్దుతుంటాను. దిద్దేవాళ్లకు ఏం కనబడుతుందో చెబుతా, విను.

ముందు ఆ ఫోల్డర్ సంగతి. దాని జోలికి పోవద్దు. కోడ్ హోంవర్కుల్ని చాలాచోట్ల మాస్ అనే ప్రోగ్రామ్‌లో వేసి పోలుస్తారు. అలెక్స్ ఐకెన్ అనే ప్రొఫెసర్ 1994లో తయారుచేసినది. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా, ఫంక్షన్లు పైకీ కిందికీ జరిపినా దానికి లెక్కలేదు. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి, కలిసిన వరుసలకు రంగు వేసి మరీ చూపిస్తుంది. పాత సెమిస్టర్ల సబ్మిషన్లు కూడా అందులో కలుపుతాం. అంటే మీ ఫోల్డర్‌లో ఉన్నవి చాలామటుకు మా దగ్గరా ఉన్నట్టే. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కుని బీటెక్ గట్టెక్కినవాళ్లు మనలో లేకపోలేదు, ఆ పప్పులు ఇక్కడ ఉడకవు. దొరికితే హోంవర్క్‌కు సున్నా, లేదా కోర్సులోనే ఎఫ్. మళ్లీ దొరికితే సస్పెన్షన్ దాకా పోవచ్చు. సస్పెండ్ అయితే ఎన్‌రోల్‌మెంట్ ఉండదు, అది లేకపోతే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కే ఎసరు. కాపీ కొట్టినవాణ్నే కాదు, ఇచ్చినవాణ్నీ వదలరు.

ఇక మెయిల్. మనవాళ్ల మెయిల్ ఎలా ఉంటుందంటే, సబ్జెక్ట్ ఖాళీ, లేకపోతే "అర్జెంట్". లోపల ముందు క్షమాపణ, తర్వాత పరిచయం, ఆరోగ్యం బాగుందని ఆశిస్తున్నానని ఒక వరుస. అన్నీ అయ్యాక చివర్లో "3వ ప్రశ్న అర్థం కాలేదు, దయచేసి వివరించండి". ప్రొఫెసర్ రెండు మూడు సెక్షన్లు చెబుతుంటారు. నువ్వు ఏ క్లాసో, ఏ హోంవర్కో, ఎక్కడ ఆగిపోయావో ఆయనకెలా తెలుస్తుంది?

నువ్వు ఇలా రాయి. సబ్జెక్ట్‌లో కోర్సు నంబరు, సెక్షన్, "హోంవర్క్ 1, 3వ ప్రశ్న: లిస్టు సార్ట్ అయి ఉందా?" లోపల "డియర్ ప్రొఫెసర్" అని పక్కన లాస్ట్ నేమ్. ఆ తర్వాత నేరుగా విషయం: "ఇచ్చిన లిస్టు ముందే సార్ట్ అయి ఉందనుకోవాలా? ఉంటే బైనరీ సెర్చ్ సరిపోతుంది. లేకపోతే ముందు సార్ట్ చేయాలి, టైమ్ పెరుగుతుంది. ప్రశ్నలో ఆ వివరం నాకు కనబడలేదు." కింద నీ పేరు, స్టూడెంట్ ఐడీ. అంతే. దీనికైతే ఆయన ఫోన్‌లోంచే "అవును, సార్టెడ్" అని కొట్టి పంపేస్తారు. మూడు పేరాల మర్యాద చదివి, ప్రశ్న వెతుక్కుని జవాబివ్వాలంటే రేపు చూద్దాంలే అనుకుంటారు.

యూనివర్సిటీ మెయిల్ నుంచే రాయి. జీమెయిల్ నుంచి గ్రేడ్ల సంగతి అడిగితే చాలామంది జవాబివ్వరు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది, రాసింది నువ్వేనని వాళ్లకు నమ్మకం కలగాలి. మీ నాన్నగారు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి అడిగినా నీ గ్రేడ్లు చెప్పరు. (కొందరికి ఇదొక వరం.)

ఆఫీస్ అవర్స్‌కు, అంటే సందేహాలు అడగడానికి మేం కూర్చునే వేళలకు, తప్పకుండా రా. మొదటి వారాల్లో మేం ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం, డెడ్‌లైన్ రోజు మాత్రం తలుపు బయటిదాకా క్యూ. తప్పో ఒప్పో, కాగితం మీద నువ్వు చేసింది తీసుకుని రా. వట్టి చేతులతో వచ్చి "ఎలా చేయాలి?" అంటే నేను చెప్పకూడదు. "ఇక్కడిదాకా వచ్చింది, దీని తర్వాత లూప్ ఆగడం లేదు" అంటే పక్కన కూర్చుని చూస్తాను. లేచి అడిగితే సార్ ఏమనుకుంటారో, పక్కవాళ్లు నవ్వుతారేమో అన్న భయం మనకు ఇంటర్ నుంచే పట్టుకుంటుంది. ఇక్కడ ఎవరూ నవ్వరు, నీ గోల ఎవరికీ పట్టదు కూడా.

ఇర్వింగ్ అన్న:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నావి రెండు చిన్న విషయాలు, ఇవాళే చూసుకో. హోంవర్కులు పెట్టడానికి క్యాన్వాస్ అనే సైట్ వాడుతుంటే ప్రొఫైల్ సెట్టింగుల్లో టైమ్ జోన్ చూడు. ఇంటి దగ్గర ఉండగా లాగిన్ అయి ఇండియా టైమ్ పెట్టుకుని ఉంటే, ఇక్కడి రాత్రి 11:59 డెడ్‌లైన్ నీకు మర్నాడు ఉదయం 10:29 అని కనబడుతుంది. అది డాలస్ టైమే అనుకుని తాపీగా పొద్దున పెట్టావనుకో, పది గంటల లేటు. సబ్మిట్ చేశాక అదే ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడు. ఖాళీ జిప్ పెట్టి ఫుల్ మార్కులు వస్తాయని ఎదురుచూసిన మహానుభావులున్నారు.

రెండోది, లాగిన్‌కు ఫోన్‌లో వచ్చే అప్రూవల్. ఇండియా నంబరుతో రిజిస్టర్ చేసి ఉంటే, ఆ సిమ్ తీసేసేలోపే ఇక్కడి నంబరో, ఇంకో డివైసో జత చెయ్యి. లేకపోతే హెల్ప్‌డెస్క్ చుట్టూ తిరగాలి, ఈలోగా మెయిల్ కూడా తెరుచుకోదు.

ఫ్రిస్కో బాబాయ్:

ఒక్క మెయిల్‌కు ఇంత తతంగమా! చాట్‌జీపీటీకి చెబితే నిమిషంలో రాసిపెడుతుంది కదమ్మా. మా రోజుల్లో ఇవేవీ లేవు, డిక్షనరీ పక్కన పెట్టుకుని రాశాం.

టీఏ అక్క:

బాబాయ్ గారూ, రాసింది దిద్దించుకుంటే ఫర్వాలేదు. మొత్తం దానిచేతే రాయిస్తే నునుపైన మూడు పేరాలు వస్తాయి, అసలు ప్రశ్న మళ్లీ మాయం. హోంవర్కుల విషయంలో మాత్రం సిలబస్ చూడకుండా దాన్ని ముట్టుకోవద్దు. మన యూనివర్సిటీల సిలబస్‌లో అయిదు యూనిట్లు, పుస్తకాల పేర్లు ఉంటాయి, అంతే. ఇక్కడ లేట్ పెడితే ఎంత కోత, దేనికి ఎంత వెయిటేజీ, ఏఐ వాడొచ్చా లేదా, మెయిల్‌కు ఎన్నాళ్లలో జవాబిస్తారు, అన్నీ అందులోనే రాస్తారు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఒకరు ఏఐ వాడుకో, వాడినట్టు చెప్పు అంటారు, ఇంకొకరు ఒక్క వరుసకూ ఒప్పుకోరు.

రిపోర్టు రాసేటప్పుడు ఇంకో చిక్కు. ఏఐ ఒక్కోసారి అసలు లేని పేపర్లను రిఫరెన్సులుగా ఇస్తుంది, వెతికితే దొరకవు. చదివిన పేపర్లనే జోటెరో అనే ప్రోగ్రామ్‌లో దాచుకో. ఉచితం, 2006 నుంచీ ఉంది, మన ఫీల్డ్‌లో ఎక్కువగా అడిగే ఐఈఈఈ పద్ధతిలో రిఫరెన్సులకు నంబర్లు అదే వేస్తుంది. రాసింది ఎక్కడెక్కడి రాతలతో కలుస్తుందో చూసే టర్నిటిన్‌లో 20 శాతం వచ్చిందని గుండె జారిపోనక్కర్లేదు, రిఫరెన్సుల పట్టీ కూడా అందులో కలిసి ఉండొచ్చు. రిపోర్టు తెరిచి ఏ పేరా రంగు తేలిందో చూడు. నీ సొంత మాటల్లో ఉండాల్సిన పేరా అయితే తిరగరాయి. ఇంగ్లీషు మీద అనుమానం ఉంటే రైటింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో, డబ్బులడగరు.

ప్లేనో చెల్లి:

గ్రూప్ ప్రాజెక్టు గురించి ఒక మాట. నలుగురిలో ముగ్గురం తెలుగువాళ్లమైతే చాట్ అంతా తెలుగులోకి జారిపోతుంది, నాలుగో మనిషికి ఏ ముక్కా అర్థం కాదు. మా టీమ్‌లో అలాగే అయి, ఆ అమ్మాయి పాత ప్లాన్ ప్రకారం వారం పని చేసింది పాపం. ఎవరు ఏం చేయాలో, ఎప్పటికి ఇవ్వాలో గూగుల్ డాక్‌లో ఇంగ్లీషులో పెట్టుకోండి. ఎవరి వాటా ఎంతో అని చివర్లో గొడవ వస్తే చూపించడానికీ పనికొస్తుంది.

కొత్త తమ్ముడు, రిచర్డ్‌సన్:

అక్కా, మీరు చెప్పినట్టే రాసి నిన్న శుక్రవారం రాత్రి పంపేశాను. టైమ్ జోన్ చూస్తే నిజంగానే ఇండియాలో ఉంది, మార్చేశాను. ఇంకా జవాబు రాలేదు. హోంవర్క్ గురువారానికి ఇవ్వాలి. ఇంకోసారి పంపనా?

టీఏ అక్క:

వద్దు. సోమవారం లేబర్ డే, యూనివర్సిటీకి సెలవు. మంగళవారం సాయంత్రం దాకా చూడు. అప్పటికీ రాకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకు, దానికే రిప్లై కొట్టి ఒక్క వాక్యం రాయి, మీ టీఏకు కాపీ పెట్టు. బుధవారం ఆఫీస్ అవర్స్ ఉంటే నేరుగా వెళ్లిపో. ఈలోగా లిస్టు సార్ట్ కాలేదనుకునే చేసిపెట్టుకో. సార్ట్ అయి ఉందని తేలితే ఆ ముక్క తీసేయడం ఎంతసేపు?