డిజైన్ ఫస్టియర్ అంతా చేత్తో గీతలేనా? ల్యాప్‌టాప్ ఎప్పుడు తెరవనిస్తారు?

తాడిపత్రి_అన్న:
అందరికీ నమస్తే. మా చెల్లి బీడిజైన్ ఫస్టియర్ చదువుతాంది, కాలేజీ పేరు వద్దులే. ఇంటర్లో ఎంపీసీ, ఇంట్లో అందరూ ఇంజనీరింగ్ అంటాంటే ఏడ్చి పట్టుబట్టి దీంట్లో చేరింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫస్ట్ సెమిస్టర్ పని అంతా తీసి చాప మీద పరిచింది. స్కేలు లేకుండా గీసిన అడ్డగీతలు నిలువుగీతలు ఒక కట్ట, తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్ల గ్రేస్కేలు పోస్టర్ కలర్‌తో, అదీ నాలుగుసార్లు మళ్లీ చేయించినారంట, పర్‌స్పెక్టివ్‌లో డబ్బాలు, ఇంగ ఒకే చెంబును ఇరవై రకాలుగా గీసిన షీట్లు. అమ్మ ఆ చెంబు బొమ్మలు చూసి "దీనికేనా ఇంత ఫీజు" అనింది, మా చెల్లి లేచి లోపలికి పోయింది.

మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఫీజు, హాస్టల్ కాకుండా మౌంట్‌బోర్డులు, రంగులు, పెన్నులు అని నెలనెలా పంపుతానే ఉండాము. చెల్లి ఫ్రెండ్ ఒకమ్మాయి హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు చేసి ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో యాప్ స్క్రీన్లు చేసి ఇన్‌స్టాలో పెడతాంది, అది చూసి మా పిల్ల ఇంకా కుంగిపోతాంది. జ్యూరీ అని ఒకటి ఉంటాదంట, చేసిన పని గోడకు పిన్ను కొట్టి పక్కన నిలబడితే సార్లు వచ్చి చూసి మాట్లాడతారు, ఈ పిల్లకు మూడు నిమిషాలు ఇంగ్లీషులో ఏదో చెప్పి పోయినారంట. నా మాట సూటిగా చెప్తా, ఫౌండేషన్ అనే ఈ మొదటి సంవత్సరాన్ని సగానికి సగం కోసేసి సాఫ్ట్‌వేర్ పెట్టాల. తప్పంటే చెప్పండి, వింటా.

కర్నూలు_టు_బెంగళూరు:
తమ్ముడూ, నేను ఆరేళ్లుగా యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తాండా, మా టీమ్‌లోకి పిల్లల్ని తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటా. ఇంతవరకూ ఒక్కరిని కూడా గ్రేస్కేల్ షీట్ చూపించమని అడగలేదు. పోర్ట్‌ఫోలియో, అంటే వాళ్లు చేసిన పనులు చూస్తాం, ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టినావు అని అడుగుతాం, అంతే.

ఈ ఫౌండేషన్ అనేది యాడ నుంచి వచ్చిందో చూడండి. 1919లో జర్మనీలో బౌహౌస్ స్కూలు పెట్టినారు, జోహానెస్ ఇట్టెన్ అనే ఆయన మొదట్లో అందరికీ ఒక ప్రిలిమినరీ కోర్సు పెట్టినాడు, అది దాటినాకే నేత, లోహం, చెక్క వర్క్‌షాపుల్లోకి పోవాల. వాళ్లకు అది సరిపోయింది, రేపు పోయి చెక్క కోయాల్సినోడికి చెయ్యి తిరగాల గదా. తర్వాత మన దేశంలో 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది, అక్కడా ఫస్టియర్ ఫౌండేషనే, దాన్ని చూసి మిగతా కాలేజీలు పెట్టుకున్నాయి. నూరేళ్లు దాటింది! ఇంకో మాట, డిజైన్ కాలేజీల ఎంట్రన్స్‌లు చూడండి, యూసీడ్‌లో చేత్తో గీసే ప్రశ్న ఉంది, ఎన్ఐడీ మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్ ఉంది, నిఫ్ట్‌లో సిచ్యుయేషన్ టెస్ట్ ఉంది. చేర్చుకునేటప్పుడే చెయ్యి చూసి తీసుకోని, లోపలికి వచ్చినాక మళ్లా సంవత్సరం గీతలేంది?

ధర్మవరం_మగ్గం:
అన్నా, నీ అనుభవం మీద గౌరవం ఉండాది గానీ ఈ మాట నేను ఒప్పుకోను. మా నాయన చీరలకు గ్రాఫ్ గీస్తాడు, నేను డిప్లొమా చేసి అదే పనిలో ఉండా. గ్రాఫ్ కాగితం మీద నిలువు గడి పడుగు లెక్క, అడ్డ గడి పేక లెక్క, సరిగె కనపడాల్సిన కాడ గడి నింపుతాం, ఆ వరుసల్ని చూసి మగ్గం మీద నగిషీ తేల్చే జకార్డుకు బొక్కల అట్టలు కొడతారు, పేక వరుసకు ఒక అట్ట. పడుగు అంగుళంలో ఎన్ని పోగులు, పేక అంగుళంలో ఎన్ని అనేది రెండూ ఒకటి కావు. అందుకే కంప్యూటర్‌లో ముద్దుగా గీసిన మామిడిపిందె మగ్గం మీదికొస్తే లావయినా ఐతాది, సాగి బక్కచిక్కయినా ఐతాది.

పోయినేడు ఒక డిజైన్ గ్రాడ్యుయేట్ అబ్బాయి వచ్చినాడు, మంచోడు, లేపాక్షి పైకప్పు బొమ్మల్లో చీరల మీద ఉండే నగిషీలు తీసుకోని ల్యాప్‌టాప్‌లో శానా అందంగా చేసుకొచ్చినాడు. స్క్రీన్ మీద చూసి మేమందరం బాగుందన్నాం. నేస్తే ఏమైందంటే, బుటాకూ బుటాకూ మధ్య ఎడమెక్కువై వెనకపక్క సరిగె పోగులు పొడుగ్గా వేలాడినాయి, కట్టుకుంటే కాలిమెట్టెకు తగులుకోవాల్సిందే. సన్నగీతలు మెట్లుమెట్లుగా వచ్చినాయి. ఆ అబ్బాయి మా నాయన పక్కన కూర్చోని వారం రోజులు చేత్తో గడులు నింపినాడు, అప్పుడు అర్థమైందన్నాడు. ఇప్పుడు గ్రాఫ్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాది, మేమూ వాడతాం, కానీ అది తప్పు చేసినప్పుడు తప్పని కనిపెట్టేది గడి నింపిన కన్నే.

కర్నూలు_టు_బెంగళూరు:
తమ్ముడూ, నువ్వు చెప్పిందే నా మాట. ఆ అబ్బాయికి పనికొచ్చింది మీ నాయన పక్కన కూర్చున్న వారం. క్లాసులో నింపిన తొమ్మిది మెట్ల గ్రేస్కేల్ అక్కడ పనికిరాలేదు గదా? మగ్గం కాడికి తోలకపోతే, యాప్ కాడికి తోలకపోతే, ఏసీ రూములో చెంబు ఇరవైసార్లు గీస్తే ఏం వస్తాది? చేతిపని వద్దని నేను అనలేదు, దేనికోసమో చెప్పకుండా చేయించే చేతిపని వద్దంటాండా.

కడప_స్టూడియో:
నేను ఫౌండేషన్ చెప్తాను, పదకొండేళ్లయింది. తాడిపత్రి తమ్ముడూ, మీ అమ్మగారి మాట చదివి బాధేసింది, ఎందుకంటే ఆ చెంబు సంగతి ఎవరో ఒకరు మీ చెల్లికి చెప్పి ఉండాల్సింది. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే భార్యాభర్తలు వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు, ఎన్ఐడీ పుట్టింది దాని మీదనే. వాళ్లు ఈ దేశంలో చూసిన వస్తువులన్నిట్లో నెత్తిన పెట్టుకుంది మన చెంబునే. ఎన్ని నీళ్లు పట్టాలి, చేతికి ఎట్లా అమరాలి, చంకన పెట్టుకుంటే ఎట్లా, నెత్తిన పెట్టుకుంటే ఎట్లా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, వంచితే ధార ఎట్లా పడుతుంది, ఇట్లా ప్రశ్నలు వరసగా వేసుకుంటూ పోయారు. ఏ ఒక్కరూ కూర్చుని గీసిన డిజైన్ కాదు అది, తరాలు తరాలుగా చేతుల్లో అరిగి వచ్చిన ఆకారం. ఇరవైసార్లు గీయించేది ఆ మెడ దగ్గర వంపు ఎందుకుందో కంటికి తట్టడానికి. మొదటి అయిదు షీట్లలో పిల్లలు తలలో ఉన్న చెంబును గీస్తారు, పదో షీట్ తర్వాతే ఎదురుగా ఉన్న చెంబును గీస్తారు. నేను ప్రతి ఏడూ చూస్తాను ఆ మార్పు.

కర్నూలు అన్నా, గ్రేస్కేల్ మీ పనికి రాదన్నారు. వెబ్ పేజీలో మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ కాంట్రాస్ట్, అంటే లేత ముదురు తేడా, కనీసం 4.5:1 ఉండాలని ప్రమాణం ఉంది కదా, మీకు నాకంటే బాగా తెలుసు. ఆ నంబర్ టూల్ చెప్తుంది, నిజమే. కానీ తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు పెట్టి "క్లీన్‌గా ఉంది" అని తెచ్చే పిల్లలు ఎందుకొస్తున్నారు? పసుపు ఎంత లేతదో, నీలం ఎంత ముదురో రంగు కలిపి పక్కపక్కన పూసి చూడనివాళ్లకు అది పట్టదు.

ఎంట్రన్స్‌లో చెయ్యి చూసి తీసుకుంటారు అన్నారు. ఆ ఎంట్రన్స్‌కు కోచింగ్ దొరికేది పెద్ద ఊర్లలో. ఆదోని నుంచి, రాయచోటి నుంచి వచ్చే పిల్లలు రికార్డుల్లో మొక్కల బొమ్మలు తప్ప ఏదీ గీసి ఉండరు. ఆ ఒక్క సంవత్సరమే వాళ్లు మిగతావాళ్లను అందుకునే సమయం, దాన్ని సగం కోస్తే ముందు నష్టపోయేది మన పిల్లలే.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఎందుకో చెప్పకుండా నాలుగుసార్లు మళ్లీ చేయించడం తప్పు. స్టూడియో అంటే లెక్చర్ కాదు, అందరి పనీ గోడ మీద ఉండాలి, పక్కవాళ్ల తప్పు చూసి మనది తెలియాలి, టీచరు ఒక్కొక్కరి బల్ల దగ్గర కూర్చోవాలి. క్లాసులో జనం ఎక్కువై టీచర్లు తక్కువైతే బల్ల దగ్గర కూర్చునే సమయం పోయి "రీడూ" అనే మాట ఒక్కటే మిగులుతుంది. తమ్ముడూ, చెల్లిని ఆ నాలుగు గ్రేస్కేళ్లనూ ఎండలో పెట్టి ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయమను, ఏ మెట్టు ఏ మెట్టులో కలిసిపోయిందో కనిపిస్తుంది.

బేతంచెర్ల_నాయన:
నాకు డిజైన్ తెలియదు, మావాడు ఆర్కిటెక్చర్ సెకండియర్. మాట్లాడాల్సింది ఖర్చు గురించి. మోడల్ అంటారు, వేలు పెట్టి బోర్డు కొంటారు, జ్యూరీ అయిపోతానే చెత్తలో పడేస్తారు, మనసొప్పదు. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు మావాడు ఇల్లు మోడల్ చేస్తా గోడకూ గోడకూ మధ్య శానా ఎడం పెట్టి పైన ఒకటే అట్ట పరిచినాడు, బండల మిద్దె అంట. నేను గని కాడికి తీసకపోయి చూపించినా, బండ పొడుగు పెరిగేకొద్దీ మధ్యలో ఇరుగుతాది, అందుకే మన పాత మిద్దెల్లో దూలాలు దగ్గరదగ్గరగా ఉంటాయని. ముక్కబండలతోనే మోడల్ చేసినాడు, పైసా ఖర్చు కాలా, సార్లు మెచ్చుకున్నారంట. ఇట్లాంటి సామాన్లతో చేయిస్తే మా అట్లాంటోళ్లు ఓర్చుకుంటాం.

కడప_స్టూడియో:
మీరన్నది ఇట్టెన్ తర్వాత బౌహౌస్‌లో చెప్పిన జోసెఫ్ ఆల్బర్స్ చేసిన పనే. క్లాసుకు న్యూస్‌పేపర్లు తెచ్చి, వృథా కాకుండా దీంతో ఏదైనా చేయండి అనేవాడు. కొంతమంది కోటలు, పడవలు చేస్తే, ఒకరు ఊరికే నిలువుగా మడిచి నిలబెట్టారంట, ఆయన దాన్ని మెచ్చుకున్నాడు, మెత్తటి కాగితం మడతతో నిలబడింది కాబట్టి. ఆ అభ్యాసానికి ఖర్చు పాత పేపరే.

పాతబస్టాండ్_ఫ్లెక్సీ, కర్నూలు:
నేను ఏ కాలేజీలోనూ చదవలా, మా నాయన అంగళ్లకు బోర్డులు రాసేవాడు, నేను ఫ్లెక్సీ షాపు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ రెండు నెలల్లో వచ్చేసింది, అను తెలుగు ఫాంట్లు పెట్టుకోని పని మొదలుపెట్టినా. కానీ మొదటి రెండేళ్లు నా బోర్డులు యాడో ఎబ్బెట్టుగా ఉండేవి, ఎందుకో తెలిసేది కాదు. నాయన ఒకరోజు షాపుకొచ్చి చూసి చెప్పినాడు, నువ్వు ఇంగ్లీషుకు వదిలినంత చోటే తెలుగుకు వదుల్తాండావు అని. తెలుగులో కింద వత్తు దిగుతాది, పైన గుడి లేస్తాది. పై లైన్లో "స్త్రీ" ఉండి కింద లైన్లో "శ్రీ" ఉంటే రెండూ కొట్టుకుంటాయి. నాయన రంగుదారం గోడకు పట్టి కొట్టి గీతలు ఏసేవాడు, అక్షరం కూర్చునే గీత, తలకట్టు గీత, వత్తుకు ఇంకో గీత. కంప్యూటర్ ఆ వత్తు గీత చూపించదు. ఇప్పుడు పెద్దపెద్ద యాప్‌లల్లో తెలుగు పెడితే బటన్లో వత్తులు తెగిపోతాండాయి చూడండి, వాళ్లందరికీ సాఫ్ట్‌వేర్ వచ్చు గదా మరి.

కర్నూలు_టు_బెంగళూరు:
అన్నా, ఈ వత్తులు తెగే సమస్య మా దగ్గర నిజంగా ఉంది, నేనే ఒక బటన్ ఎత్తు రెండుసార్లు మార్చినా. ఇది ఒప్పుకుంటా. కాంట్రాస్ట్ మాట కూడా ఒప్పుకుంటా మేడం. కానీ ఒక్కదానికి కట్టుబడి ఉండా, ఫస్టియర్‌లోనే వారానికి ఒకరోజైనా చేత్తో చేసిందాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో ముందుకు తీసకపోయే క్లాస్ ఉండాల. రెండింటి మధ్య గోడ కట్టేసి ఏడాది తర్వాత తలుపు తీస్తే పిల్లలు అక్కడ గీసింది అక్కడే మర్చిపోతారు.

కడప_స్టూడియో:
ఇది న్యాయమైన మాట. మా దగ్గర సెకండ్ సెమిస్టర్‌లో మొదలుపెట్టాము, ఇంకా ముందే పెట్టొచ్చు.

జమ్మలమడుగు_రెండోఏడు:
నేను సెకండియర్, పదో తరగతి వరకూ తెలుగు మీడియం. మీరందరూ గీత గురించి, సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుతాండారు, మా అట్లాంటోళ్లకు అసలు దెబ్బ భాషకాడ. ఫస్టియర్ జ్యూరీలో ఒక సార్ నా షీట్ చూసి నెగటివ్ స్పేస్ రిజిడ్‌గా ఉంది అన్నాడు, నేను ఎస్ సార్ అన్నా, గదికి పోయి ఏడ్చినా, నెగటివ్ అంటే నా పని బాగలేదనుకున్నా. నాలుగు నెలలు అట్లనే అనుకున్నా. తర్వాత నిమ్మలకుంటకు తీసకపోయినారు, తోలుబొమ్మలు చేసే ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఒకాయన మేకతోలు మీద ఉలితో చిన్నచిన్న బొక్కలు కొడతాంటే చూసినా. నగ ఉండే కాడ రంగు ఎయ్యలా, బొక్కలు కొట్టినాడు, వెనక దీపం పెడితే ఆ బొక్కలే నగ అయి మెరిసినాయి. లేనిదే బొమ్మ అన్నమాట! నెగటివ్ స్పేస్ అంటే ఇదా అని అక్కడ అర్థమైంది, అదీ తెలుగులో, ఒక్క నిమిషంలో. జ్యూరీలో ఒక్క మాట తెలుగులో చెప్పింటే నాలుగు నెలలు ఏడ్చేదాన్ని కాదు. తాడిపత్రి అన్నా, మీ చెల్లికి నా మాటగా చెప్పు, అర్థం కాకపోతే ఎస్ సార్ అనొద్దు, తెలుగులో అడగమను, నవ్వితే నవ్వనీ.

తాడిపత్రి_అన్న:
నిన్న రాత్రి ఫోన్లో ఇవన్నీ చెల్లికి చదివి వినిపించినా. పొద్దున్నే బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు పంపింది. మొదటి షీట్లో అయిదో మెట్టు, ఆరో మెట్టు ఒకటే, రెండింటి మధ్య గీత కూడా కనపడలా. నాలుగో షీట్లో తొమ్మిదీ వేరువేరుగా ఉండాయి. "అన్నా, అంటే నాకు వచ్చేసిందన్నమాట, ఎవరూ చెప్పలేదే" అనింది, నవ్విందో ఏడ్చిందో తెలియలా నాకు. సగం కోసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటాండా. కానీ కోపం పోలేదు, ఈ ఫోటో పని మొదటి షీట్ కాడనే చేయించింటే మా పిల్ల సంక్రాంతికి ఇంట్లో తలెత్తుకోని తిరిగేది. వచ్చే జ్యూరీలో సార్లు చెప్పింది షీట్ వెనక రెండు ముక్కలు రాసియ్యమని క్లాసంతా కలిసి అడుగుతారంట, తెలుగులో అయినా ఇంగ్లీషులో అయినా.

అమ్మకు చెంబు సంగతి చెప్పినా. ఏమీ అనలేదు గానీ సాయంత్రం ఇత్తడి చెంబు చింతపండుతో తోమి, చెల్లి బొమ్మ పక్కన పెట్టి చూస్తాండె.

ధర్మవరం అన్నా, ఉగాది సెలవులకు చెల్లి వస్తాది. మీ నాయన గ్రాఫ్ గీసేది చూడొచ్చునా?

ధర్మవరం_మగ్గం:
రమ్మను తమ్ముడూ, పొద్దున్నే వస్తే మంచిది, మధ్యాన్నం నాయనకు కన్ను ఆనదు. గ్రాఫ్ కాగితాలు మా దగ్గరే ఉంటాయి, పెన్సిల్ మాత్రం తనది తెచ్చుకోమను, నాయన తన పెన్సిల్ ఎవరికీ ఇయ్యడు.