అప్‌డేట్: కడప షాపులో పని చేయని 2,000 రూపాయల వోచర్ సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, ఆన్‌లైన్‌లో కొన్న 2,000 రూపాయల బట్టల వోచర్ ఏడురోడ్ల దగ్గర షాపులో కొడితే ‘చెల్లదు’ అని వస్తోంది, గడువు చూస్తే ఇంకా ఐదు నెలలుంది అని. డబ్బు వెనక్కి వచ్చేసింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వోచర్ కోడ్‌లో సున్నాకి బదులు ఇంగ్లిష్ ‘O’ అక్షరం కొట్టారేమో అన్నారు, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు, షాపులో నెట్ స్లో అన్నారు. అవేవీ కాదు. పాత బిల్లు మీద ఎవరి పేరుందో చూడమన్న అన్న చెప్పిందే కరెక్ట్. బోర్డు మీద బ్రాండ్ పేరే ఉంది గానీ, బిల్లులో జీఎస్టీ నంబర్ దగ్గర వేరే పేరుంది, అంటే అది ఫ్రాంచైజీ, బ్రాండ్ పేరుతో వేరేవాళ్లు నడిపే షాపు. వోచరేమో కంపెనీ సొంత షాపుల్లోనే చెల్లుతుందని నిబంధనల్లో ఎక్కడో అడుగున రాశారు (అంత దూరం ఎవరు చదువుతారు!). కౌంటర్ దగ్గరి పిల్లోడికీ ఆ సంగతి తెలీదు పాపం, వాడి మీద అనవసరంగా అరిచాను, తర్వాత పోయి సారీ చెప్పొచ్చాను.

అమ్మిన యాప్ వాళ్లు మొదట రీఫండ్ కుదరదన్నారు. కొనేటప్పుడు ఊళ్ల లిస్టులో కడప పేరు కనిపించిన స్క్రీన్‌షాట్ అదృష్టం కొద్దీ నా దగ్గరుంది. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరూ స్క్రీన్‌షాటూ కలిపి యాప్ వాళ్లకు మెయిల్ పెడితే తొమ్మిది రోజులకు అకౌంట్‌లో పడింది.

కొనకముందే షాపుకి ఫోన్ చేసి మీ బ్రాంచిలో తీసుకుంటారా అని అడగండి. అమ్మకి చీర మాత్రం చివరికి వైవీ స్ట్రీట్‌లో క్యాష్ ఇచ్చే కొన్నాం.