జామచెట్టు పంగల్లో గోధుమరంగు గూడు, ఏంటిది?

పెరటిజామ: మా పాత జామచెట్టు పంగల దగ్గర గోధుమరంగు పొట్టు పట్టీలా బెరడుకి అతుక్కుని ఉంది. లాగితే బూజులా సాగుతూ ఊడింది. దాని కింద బెరడు గీకేసినట్టుంది, పక్కనే పెన్సిల్ దూరేంత రంధ్రం. పురుగు మాత్రం కనబడలేదు. ఆకులకు వేపనూనె కొడుతున్నా తగ్గట్లేదు. కొమ్మ ఎండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నీలిగన్నేరు: చెదలేమో చూడండి. మా మామిడికి ఇలాగే ఉంటే చెదల మందు పోశాం.

ముదురుతోట: చెదలు కాదండీ. చెదలు కట్టేది మట్టి, నలిపితే పొడైపోతుంది. ఇది పట్టుదారంతో అల్లిన చెక్కపొట్టు, పురుగు రెట్ట. బెరడు తినే పురుగు పని. ఇండార్బెలా అనే రెక్కల పురుగుకి పిల్ల ఇది. పగలంతా రంధ్రంలో పడుకుని, రాత్రి ఆ గూడు చాటున బయటికొచ్చి బెరడు తింటుంది. ఆకు జోలికే రాని పురుగుకి ఆకుల మీద వేపనూనె ఏం చేస్తుంది?

గూడంతా బ్రష్‌తో తుడిచేయండి. రంధ్రంలోకి సైకిల్ చువ్వ దూర్చి పొడవండి. తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది కుక్కి, పైన బంకమట్టి మెత్తండి. పాత పుస్తకాల్లో డైక్లోర్వాస్ అనే పురుగుమందు వాడమని ఉంటుంది, మన దేశంలో దాన్ని 2020 చివరితో నిషేధించారు. ఎవరో దాచుకున్న సీసా ఇస్తే తీసుకోకండి.

పెరటిజామ: ధన్యవాదాలండీ. చాలాచోట్ల గూళ్లున్నాయి. అన్నిట్లో పురుగు ఉన్నట్టేనా?

ముదురుతోట: ఉండకపోవచ్చు. సాయంత్రం అన్నీ తుడిచేసి పొద్దున చూడండి. కొత్త పొట్టు ఎక్కడ కనబడితే అక్కడే పురుగుంది, దూది అక్కడ పెడితే చాలు. ఏడాదికి ఒకటే తరం. మే, జూన్‌లలో రెక్కల పురుగులొచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో పిల్లలు చిన్నవిగా ఉంటాయి కాబట్టి అప్పుడు పని సులువు. ముదిరాక సొరంగం లోతవుతుంది, చువ్వకి అందదు. ఎండుకొమ్మలు కోసేసి చెట్టు లోపలికి ఎండ పడనివ్వండి. గుబురుగా, ఆలనాపాలనా లేకుండా వదిలేసిన చెట్లంటే దీనికి మహా ఇష్టం.

నీలిగన్నేరు: ఇది జామకేనా, మిగతావాటికీ వస్తుందా?

ముదురుతోట: నేరేడు, రేగు, నిమ్మ, దానిమ్మ, మునగ దేన్నీ వదలదు. మామిడికీ వస్తుందండీ. మీరు చెదల మందు పోసిన చెట్టుని ఒకసారి మళ్లీ చూడండి.