జేబాడ్‌లో (డిస్కుల పెట్టెలో) లైటు ఒక స్లాట్‌లో వెలుగుతోంది, డిస్క్ ఇంకో స్లాట్‌లో ఉంది, ఏది నమ్మాలి?

అర్ధరాత్రి_అడ్మిన్:
24 స్లాట్ల జేబాడ్, ఐటీ మోడ్ హెచ్‌బీఏ (డిస్కుల్ని నేరుగా సిస్టమ్‌కి చూపించే కార్డు), లైనక్స్. అన్నీ సాటా డిస్కులే. లైనక్స్ ఎస్‌డీకే అని పేరు పెట్టిన డిస్క్ రీడ్ ఎర్రర్లు ఇస్తోంది, తీసి మార్చాలి, కానీ ట్రేల మీద ఏ రాతా లేదు. స్లాట్ లైటు వెలిగించే లెడ్‌సీటీఎల్ కమాండ్ కొడితే సపోర్ట్ లేదంది. డివైస్‌ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌స్కజీలో ఎన్‌క్లోజర్ (డిస్కుల పెట్టె) అని రెండు లైన్లొచ్చాయి, పెట్టె చూస్తే ఒక్కటే. సరే అని మొదటిదానికి ఎస్‌జీ_సెస్‌తో (పెట్టెతో మాట్లాడే కమాండ్) సెట్ ఐడెంట్, అంటే స్లాట్ గుర్తు లైటు వెయ్యమని ఇచ్చా, ఏ నుంచి లెక్కపెడితే కే పదకొండోది కదా, సున్నా నుంచి కాబట్టి ఇండెక్స్ 10 అనుకున్నా. లైటు వెలిగింది, చెయ్యి ట్రే దాకా వెళ్ళింది కూడా, ఎందుకో అనుమానమొచ్చి ఎస్‌డీకే నుంచి డీడీతో ఊరికే చదివించా, చూస్తే రెండు స్లాట్ల అవతల యాక్టివిటీ లైటు గబగబా కొట్టుకుంటోంది 😰 ఎస్‌జీ_సెస్ వదిలేసి ఎస్‌జీ_రాతో (బైట్లు మనమే రాసి పంపే కమాండ్) నేనే సెండ్ డయాగ్నస్టిక్ (పెట్టెకిచ్చే స్కజీ ఆదేశం) పంపేస్తే నయమా?

పాతకెర్నల్:
ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి సార్ 😄 ఎస్‌డీ అక్షరాలకీ స్లాట్లకీ చుట్టరికం లేదు, కెర్నల్‌కి ఏ డిస్క్ ముందు కనబడితే దానికి ముందు అక్షరం, అంతే. సర్వర్ లోపల బూట్ డిస్కులు రెండున్నాయా? ఉంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అవే అయ్యుంటాయి, మీ లెక్క సరిగ్గా రెండు తప్పింది కూడా.
ఎస్‌జీ_సెస్‌తో 0x0ఏ పేజీ (పెట్టె తన గురించి ఇచ్చే పట్టికల్లో ఒకటి) చదవండి, అందులో ఒక్కో స్లాట్ నంబరు పక్కన అందులో ఉన్న డిస్క్ శాస్ అడ్రస్ (ఆ కనెక్షన్‌లో డిస్క్‌ని గుర్తించే నంబరు) ఉంటుంది. ఎల్ఎస్‌స్కజీకి మైనస్ టీ ఇస్తే ఎస్‌డీకే అడ్రస్ వస్తుంది, రెండూ కలవాలి. సాటా కదా, డిస్క్ మీద అచ్చేసిన డబ్ల్యూడబ్ల్యూఎన్ (డిస్క్ సొంత గుర్తింపు నంబరు) కోసం వెతక్కండి, దొరకదు, ఎందుకంటే పెట్టెలో డిస్కులన్నిటినీ కలిపే ఎక్స్‌పాండరే ఆ పోర్టుకి సొంతంగా ఒక అడ్రస్ ఇస్తుంది. ఇండెక్స్ బదులు డీఎస్ఎన్ ఆప్షన్ వాడండి, అది డివైస్ స్లాట్ నంబర్‌తో వెతుకుతుంది.
రెండు లైన్ల సంగతి, 0x01 పేజీలో ఎన్‌క్లోజర్ లాజికల్ ఐడీ చూడండి, రెండింటికీ ఒకటే వస్తే ఒకే పెట్టె రెండు దారుల్లో కనబడుతున్నట్టు. వేరైతే రెండోది హెచ్‌బీఏ చూపించే వర్చువల్ సెస్, అంటే ఉత్తుత్తి ఎన్‌క్లోజర్ కావచ్చు, కొత్త కార్డుల్లో కొన్నింటికి ఆ అలవాటుంది.

టూల్స్_ఎందుకు:
ఇంత కష్టం దేనికి, కెర్నల్‌లో సెస్ మాడ్యూల్ లోడ్ చెయ్యండి, సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ వివరాలు ఫైళ్ళలా కనబడే చోటు) ఎస్‌డీకే డివైస్ డైరెక్టరీలో ఎన్‌క్లోజర్_డివైస్ అని ఒక లింక్ ఉంటుంది, స్లాట్ పేరు ఆ లింక్ పేరులోనే ఉంటుంది. లోపల లొకేట్ ఫైల్లో 1 రాస్తే లైటు వెలుగుతుంది, 0 రాస్తే ఆరిపోతుంది, క్యాట్, ఎకో చాలు.

బైట్‌బాబాయ్:
ఎస్‌జీ_రా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. పని చేస్తుంది, సెండ్ డయాగ్నస్టిక్ ఆప్‌కోడ్ 0x1డీ, చదవడానికి రిసీవ్ డయాగ్నస్టిక్ రిజల్ట్స్ 0x1సీ, రూట్‌గా ఉండాలి. కానీ 0x02 పేజీ (పెట్టెని అదుపు చేసేది) మొత్తం మీరే కట్టి పంపాలి, ముందు 8 బైట్ల హెడర్, ఆ తర్వాత ఒక్కో ఎలిమెంట్‌కి (స్లాట్, ఫ్యాన్ లాంటి భాగం) 4 బైట్లు, మార్చాలనుకున్న ఎలిమెంట్‌కి మొదటి బైట్‌లో సెలెక్ట్ బిట్ పెట్టకపోతే ఎన్‌క్లోజర్ దాన్ని అసలు పట్టించుకోదు. ఇంకోటి, ప్రతి రకం ఎలిమెంట్లకీ ముందు ఓవరాల్ అని ఒకటుంటుంది, దాన్ని లెక్కలో మర్చిపోతే అక్కణ్ణుంచి అన్నీ ఒక్కో స్లాట్ జరిగిపోతాయి.
అసలు భయం ఇది: ఎర్ర ఫాల్ట్ లైటు వెలిగించే బిట్ ఆఖరి బైట్‌లో 5వది, దాని పక్కనున్న 4వది డివైస్ ఆఫ్. లైటు వేద్దామని వేలు ఒక్కటి జారితే డిస్క్‌కి కరెంటే పోతుంది, అదీ బతికున్న డిస్క్‌కి. ఎస్‌జీ_సెస్ ముందు పేజీ చదివి, మీరడిగిన బిట్ ఒక్కటి మార్చి, తిరిగి పంపుతుంది, ఆ పని చేత్తో చెయ్యడం సరదాకైతే ఓకే, ప్రొడక్షన్‌లో వద్దు బాబూ.

అర్ధరాత్రి_అడ్మిన్:
బూట్ డిస్కులు రెండున్నాయి 🤦 లాజికల్ ఐడీలు వేరు, రెండోది హెచ్‌బీఏదే. 0x0ఏ పేజీలో ఎస్‌డీకే అడ్రస్ స్లాట్ 8 దగ్గర దొరికింది, సిస్‌ఎఫ్ఎస్ లింక్ కూడా 8 అనే అంది. డీఎస్ఎన్ 8కి ఐడెంట్ ఇచ్చి ర్యాక్ దగ్గరికెళ్తే ఒకటి కాదు, రెండు లైట్లు వెలుగుతున్నాయి, పొద్దున వేసిన 10వది క్లియర్ చెయ్యలేదు నేను. వెనక్కొచ్చి దాన్ని ఆర్పి, 8ది లాగి, డిస్క్ వివరాలిచ్చే స్మార్ట్‌సీటీఎల్‌లో చూసి రాసుకున్న సీరియల్‌తో పోల్చా, అదే.