విజయవాడ–విశాఖ విమానం: 34 నిమిషాలా, నాలుగు గంటలా?

బెజవాడ బాబాయ్:
గన్నవరం నుంచి విశాఖకి గాల్లో దూరం 290 కిలోమీటర్లేనట. దూరాలు చెప్పే సైటొకటి 34 నిమిషాలు చాలంటోంది. టికెట్ మీద మాత్రం దాదాపు గంట ఉంది. మిగతా టైము ఎక్కడ పోతోంది? అసలు ఈ విమానం ఎక్కడం దండగా కాదా, అది తేల్చండి.

ఏటీఆర్ అభిమాని:
ఆ సైటు చేసేది ఉత్త భాగహారం, బాబాయ్. ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ల చిన్న విమానం వేగం గంటకి సుమారు 510 కిలోమీటర్లు, 290ని దాంతో భాగించారు. ఆ వేగం పైకెక్కాకే వస్తుంది. ఎక్కడానికీ దిగడానికే దారిలో చాలా భాగం పోతుంది. టికెట్ మీద టైమేమో ఇక్కడ బండి కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా. విశాఖలో సముద్రం వైపు నుంచి దిగమన్నారంటే ఊరు దాటిపోయి వెనక్కి తిరగాలి. పైగా రన్‌వే నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలోది, వాళ్ల పని ఉంటే మనం ఆగాల్సిందే. జెట్ వేసినా కలిసొచ్చేది కొద్ది నిమిషాలే.

సైడ్ లోయర్:
గంటే కదా అని నేనూ ఎక్కాను. బెంజి సర్కిల్ నుంచి గన్నవరం దాదాపు 20 కిలోమీటర్లు, రామవరప్పాడు రింగు దగ్గరే సగం ప్రాణం పోయింది. విమానం నలభై నిమిషాలు లేటు, ఎవరిదో చెప్పనులెండి. దిగాక బ్యాగు కోసం ఇంకో ఇరవై. ద్వారకానగర్ చేరేసరికి నాలుగున్నర గంటలు! వందేభారత్ 350 కిలోమీటర్లు నాలుగు గంటల పైచిలుకులో లాగేస్తుంది. గోదావరి బ్రిడ్జి అదనం.

గాజువాక గురుడు:
లేటైన రోజు లెక్క చెప్తే ఎలా గురూ? ఎయిర్‌పోర్టు మాకు పక్కనే. చేతిలో ఒక్క బ్యాగు. ఇల్లు వదిలిన మూడు గంటలకి గన్నవరంలో బయటికొచ్చేస్తా. నాకు పని హనుమాన్ జంక్షన్లో. రైలెక్కి బెజవాడ దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలా?

సైడ్ లోయర్:
విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారాక కూడా ఇదే లెక్క చెప్పు చూద్దాం. ఊరికి సుమారు 45 కిలోమీటర్లు, అదీ బెజవాడకి ఎదురు దిక్కున.

ఏటీఆర్ అభిమాని:
ఆ మాట ఒప్పుకుంటా. గాల్లో పెరిగేది అయిదారు నిమిషాలే, దిగాక రోడ్డు మీద గంటకి పైగా వెనక్కి రావాలి. అయితే విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి లెక్క తిరగబడుతుంది. వాళ్లకి విమానమే దగ్గర.

గాజువాక గురుడు:
అంటే మా సుఖం వాళ్లకి పోతుందన్నమాట. పోనీలే, ఇన్నాళ్లూ వాళ్లే మా ఊరొచ్చి ఎక్కారు.

బెజవాడ బాబాయ్:
సైడ్ లోయర్ గారూ, మీ మాట విని వందేభారత్ చూశా. వెయిటింగ్ లిస్టు 62. పెళ్లేమో శుక్రవారం, సింహాచలంలో. రత్నాచల్‌లో కిటికీ సీటు దొరికితే తీసేశా. ఆరు గంటలైతే అయింది, తునిలో ఏమైనా తినడానికి దొరుకుతుందా?